చిన్న పరిశ్రమకు సకాలమున సొమ్ము

చిన్న పరిశ్రమలకు ప్రభుత్వము చేయదగిన సహాయమనగానే అప్పులు, రాయితీలు జ్ఞప్తికి వచ్చును. అవి అవసరమే. కాని చేసిన పనికి రావలసిన సొమ్ము వేళకు రానిచో ఆ సహాయమంతయు బూడిదలో పోసిన పన్నీరగును. ఆకలి వేళకు అందని అన్నము ఎంత యున్నను ప్రయోజనమేమి?

జాప్యము వలన కలుగు నష్టము

ఐదుగురు పనివారితో నడచు ఒక చిన్న కార్ఖానా కలదనుకొందము. అది ఒక పెద్ద సంస్థకు 2 లక్షల రూపాయల ఇనుప బీరువాలు చేసి యిచ్చినది. ఖర్చులు పోగా లాభము 20 వేలు. బీరువాలు చేరినవి గాని సొమ్ము రాలేదు. ఇనుము అరువిచ్చిన దుకాణదారు ఆగడు. పనివారి కూలి ఆపరాదు. యజమాని నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 1 లక్షా 80 వేలు అప్పు తెచ్చెను. నెలకు వడ్డీ 3,600 రూపాయలు. నాలుగు నెలలకు 14,400. లాభమున మిగిలినది 5,600 మాత్రమే. ఇంకొక రెండు నెలలు గడచినచో వడ్డీ 21,600 అగును. అనగా లాభము పోయి నష్టము మిగులును. పనిలో లోపము లేదు, సరకులో లోపము లేదు. అయినను ఇల్లు అప్పులపాలగును. పేదవాడు ధనికునకు వడ్డీలేని అప్పిచ్చుట యనగా ఇదియే.

చట్టము చెప్పునదేమి?

ఈ అన్యాయమును తొలగించుటకు 1993లో ఒక చట్టము వచ్చెను. దాని స్థానమున సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము 2006 అక్టోబరు 2 నుండి అమలులోనికి వచ్చెను. దీని ప్రకారము సూక్ష్మ, చిన్న సంస్థల యొద్ద కొన్నవారు వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నచో ఆ గడువులోగా సొమ్ము చెల్లింపవలెను. ఆ గడువు సరకు అంగీకరించిన దినము నుండి 45 దినములకు మించరాదు. ఒప్పందము లేనిచో గడువు 15 దినములే. గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలనెలకు అసలుతో కలియు చక్రవడ్డీ చెల్లింపవలెను. ప్రభుత్వ కార్యాలయములకును ఇది వర్తించును.

వివాదములు తీర్చుటకు రాష్ట్ర ప్రభుత్వములు మండలులను నెలకొల్పినవి. ఫిర్యాదును 90 దినములలో పరిష్కరింపవలెనని చట్టము చెప్పుచున్నది. మండలి తీర్పును కొనుగోలుదారు న్యాయస్థానమున ప్రశ్నింపదలచినచో, తీర్పు మొత్తములో 75 శాతము ముందుగా జమ చేయవలెను.

ఫిర్యాదు చేయువాడెవడు?

చట్టమున్నను చిన్నవాని భయము తీరలేదు. నేడు ఫిర్యాదు చేసినచో రేపు ఆర్డరు రాదు. ఊరిలో ఉన్న ఒక్క పెద్ద కొనుగోలుదారుతో వైరము పెట్టుకొన్నవాడు ఎక్కడ అమ్ముకొనును? కావున బాధితుడు నోరు తెరచిననే గాని పనిచేయని చట్టము సగము చట్టమే.

ఈ లోపమును గుర్తించియే 2023లో ఆదాయపు పన్ను చట్టమున ఒక నిబంధన చేర్చబడెను. అది 2024 ఏప్రిల్ 1 నుండి వర్తించుచున్నది. గడువులోగా చెల్లింపని మొత్తమును కొనుగోలుదారు ఆ సంవత్సరపు ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకొనజాలడు. నిజముగా చెల్లించిన సంవత్సరముననే ఆ సౌకర్యము లభించును. ఇచ్చట చిన్నవాడు ఎవరిపైనను ఫిర్యాదు చేయనక్కరలేదు. పెద్దవాని లెక్కయే పెద్దవానిని తొందరపెట్టును. మంచి విధానమునకు ఇది లక్షణము.

మిగిలియున్న కొరతలు

గడువుకు జంకి నమోదు లేనివారి యొద్దకు కొనుగోళ్లు మరల్చు ప్రమాదము కలదు. వర్తకులకు ఈ రక్షణ లేదు. చిల్లర, టోకు వర్తకులు 2021 నుండి ఉద్యమ్ నమోదు పొందవచ్చును గాని, అది బ్యాంకుల ప్రాధాన్య రుణముల కొరకే. మండలులు 90 దినముల మాటను నిలుపుకొనుటకు తగిన సిబ్బంది నిచ్చుట, ప్రభుత్వ కార్యాలయములే మొదట గడువు పాటించుట అత్యవసరములు.

గ్రహింపవలసినవి

1. ఉత్పత్తి, సేవలు చేయువారు ఉద్యమ్ నమోదు చేసికొనవలెను. 2020 జూలై 1న ప్రారంభమైన ఈ నమోదుకు రుసుము లేదు.

2. ప్రతి బిల్లుపై నమోదు సంఖ్యను వ్రాయవలెను. సరకు ముట్టినట్లు తేదీతో సంతకము తీసికొనవలెను.

3. గడువును నోటిమాటగా గాక కాగితముపై వ్రాయించుకొనవలెను.

ఇక కొనువారికిని ఒక ధర్మము కలదు. కాయకమును పూజగా భావించువాడు పరుని కాయక ఫలమును తన పెట్టెలో నిలిపి యుంచుట తగదు. చట్టము 45 దినములు అనుమతించినను, సొమ్ము చేతనున్నవాడు అంతవరకు ఆగనక్కరలేదు.