డెవలప్‌మెంట్‌కి ఇచ్చేముందు: ప్రశ్నలు - జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్, బడంగ్‌పేట, మీర్‌పేట వైపు నుంచే వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఖాళీ జాగా కరువై బిల్డర్లు అటు కదిలారు. ఊరి నడుమ పెంకుటిళ్లు తీసేసి స్టిల్ట్ ప్లస్ ఫైవ్‌లు లేపుతున్నారు.

ప్రశ్న: బాలాపూర్‌లో నాన్న కట్టించిన ఇల్లు, దొడ్డి కలిపి 700 గజాలు. నాన్న పోయారు, వీలునామా లేదు. అమ్మ ఆ ఇంట్లోనే ఉంటుంది. అన్నయ్య దాన్ని డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నాడు. ఇరవై ఫ్లాట్లట, బిల్డరుకు సగం, మనకు సగం. నన్ను వచ్చి సంతకం పెట్టమంటున్నాడు. "నీ పెండ్లికి పెట్టాల్సింది పెట్టినం కదా" అంటాడు. పెట్టనంటే పుట్టిల్లు దూరమవుతుందేమోనని భయంగా ఉంది.
- ఒక చెల్లెలు, కర్మన్‌ఘాట్

జవాబు: అమ్మా, కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. మీ సంతకం లేకపోతే రేపు ఆ ఫ్లాట్లు కొనేవాళ్లకు బ్యాంకు లోన్ ఇవ్వడానికి వెనకాడుతుంది. అందుకే బిల్డరు లాయరు మిమ్మల్ని రప్పించమని ఉంటాడు. ఆ ఇంట్లో మీ హక్కుకు అంత బలం ఉంది.

ఇల్లు నాన్నగారి స్వార్జితమైతే, వీలునామా లేదు కాబట్టి అమ్మకు, అన్నయ్యకు, మీకు సమానంగా వస్తుంది. తాతల నాటి ఆస్తి అయినా మీ వాటా పోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చారు. 2005లో దేశమంతటికీ ఆ చట్టం వచ్చింది. పుట్టుకతోనే కూతురికి ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లికి పెట్టిన ఖర్చుతో వాటా చెల్లిపోదు. ఊరి మధ్య ఇల్లు గనక అది గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉండి, ఇంటి పన్ను రసీదులు తప్ప వేరే కాగితాలు లేకపోవచ్చు. ఆ రసీదు మీద అన్నయ్య పేరు ఎక్కినంత మాత్రాన ఆయనొక్కడే యజమాని అయిపోడు.

ఇప్పుడు మీ ముందు పెట్టబోయే కాగితం ఏమిటో చూడండి. 'డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ' అయితే, అందులో యజమానుల్లో ఒకరిగా మీ పేరు ఉండాలి. 'రిలీజ్ డీడ్' అయితే, అది రిజిస్టరైన రోజే మీ వాటా అన్నయ్యకు వెళ్లిపోతుంది. ప్రేమతో వదులుకుంటానంటే అది మీ ఇష్టం, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఏం వదులుకుంటున్నారో తెలిసి వదులుకోండి.

'సగం సగం' అన్న మాట దగ్గర చాలా ఇళ్లు మోసపోతున్నాయి. దేనిలో సగం? ఎస్ఎఫ్‌టీలోనా, పార్కింగ్‌లోనా, డాబా మీద హక్కులోనా? అనుమతి ప్లాన్ రాగానే ఏ ఫ్లాటు ఎవరిదో నంబర్లతో సప్లిమెంటరీ అగ్రిమెంట్ రాయించుకోండి. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్‌ను మీ వాటాలో కలిపి చూపిస్తే ఒప్పుకోకండి, అది ఎప్పటికైనా కూల్చివేత నోటీసు తెచ్చే గది. ఇంకొకటి: అనుమతి ఇచ్చేముందు మొత్తం కట్టుబడిలో పదో వంతును అధికారులు మార్టిగేజ్ చేయించుకుంటారు, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాకే విడిపిస్తారు. ఆ పదో వంతు బిల్డరు వాటాలోంచే పోవాలని ముందే రాయించండి. లేకపోతే ఓసీ తేవాలన్న తొందర మీకే ఉంటుంది, ఆయనకు ఉండదు.

అమ్మగారి మాట మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. కట్టే రెండు మూడేళ్లు ఆమె ఎక్కడ ఉంటారు? ఆ కిరాయి ఎవరు కడతారు, ఆలస్యమైతే నెలకు ఎంత ఇస్తారు? ఆమె వాటాకు ఆమె పేరు మీదే ఒక ఫ్లాటు, వీలైతే మొదటి అంతస్తులో, రాయించండి. లిఫ్టు ఆగినా మెట్లు దిగి వాకిట్లోకి రాగలగాలి. మున్సిపల్ అనుమతి చేతికి రాకముందే ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చేయకండి. ఇల్లు కూలగొట్టాక అనుమతి ఆగిపోయిన స్థలాల్లో పిచ్చిచెట్లు మొలిచి ఉండటం ఆ దారిలో వెళ్తే మీకే కనిపిస్తుంది.

పన్ను గురించి కంగారు వద్దు. మామూలు వ్యక్తులు రిజిస్టర్డ్ అగ్రిమెంటుతో భూమి ఇస్తే, మూలధన లాభం పన్ను కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదే పడుతుంది. ఈలోపు మీ వాటా అమ్ముకుంటే మాత్రం అప్పుడే కట్టాలి.

అన్నయ్యతో ఫోనులో తేల్చుకోకండి. అమ్మ ఎదురుగా కూర్చుని, "అన్నా, ఇల్లు ఆపను. నా పేరు, అమ్మ పేరు కాగితంలో ఉండనీ" అని అడగండి. అలా అడిగినందుకు తెగిపోయే బంధం కాదని నా నమ్మకం.

ప్రశ్న: బడంగ్‌పేట దగ్గర ప్రీలాంచ్. మొత్తం ఒకేసారి కడితే మార్కెట్ రేటులో సగానికే ఫ్లాటు, వెంటనే యూడీఎస్ రిజిస్ట్రేషన్ అంటున్నారు. మావారి రిటైర్మెంట్ డబ్బు ఉంది. కట్టమంటారా?
- ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కట్టకండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఎనిమిదికి మించి ఫ్లాట్లు కట్టే ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకముందు అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా 2016 చట్టం ప్రకారం తప్పు. నంబరు వచ్చాక కూడా, సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచి, ఆ నేలకు, ఆ కట్టుబడికే వాడాలి. ప్రీలాంచ్‌లో ఈ కాపలా ఒక్కటీ ఉండదు. అమీన్‌పూర్ ప్రాజెక్టు పేరుతో ప్రీలాంచ్ వసూళ్లు చేశారన్న కేసులో 2022 డిసెంబరులో సాహితీ సంస్థ అధిపతిని పోలీసులు అరెస్టు చేశారు. అందులో కట్టినవాళ్లలో మీలాంటి జీతాల కుటుంబాలూ ఉన్నాయి.

యూడీఎస్ అంటే ఖాళీ నేలలో కొన్ని గజాల ఉమ్మడి వాటా. అనుమతి రాకపోతే ఆ గజాల్లో గోడ కట్టుకోలేరు, విడగొట్టి అమ్ముకోలేరు. వందలమంది వాటాదారుల మధ్య ఇరుక్కుంటారు.

రెరా నంబరు ఉన్న ప్రాజెక్టు చూసినా జాగ్రత్త, ఆ వైపు చెరువులు ఎక్కువ. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి నీళ్లు హఫీజ్‌బాబానగర్ మీదికి వెళ్లాయి. మీర్‌పేటలో కాలనీలు నీళ్లలో నానాయి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులో సర్వే నంబరు చూసుకోండి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక దీన్ని తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయి. సైటు పక్క వీధిలో పాత ఇంటివాళ్లను పలకరించి, 2020లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో అడగండి. కొన్ని ఇళ్ల గోడల మీద ఆ నీటి గీత ఇంకా ఉండొచ్చు.

ప్రశ్న: పన్నెండేళ్లుగా ఒక మడిగెలో టైలరింగ్ చేస్తున్నాను. అగ్రిమెంట్ లేదు, నెల కిరాయి. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారట, వారంలో ఖాళీ చేయమంటున్నారు.
- ఒక టైలర్, బాలాపూర్ చౌరస్తా

జవాబు: నెల కిరాయికి ఉన్నవాళ్లకు కనీసం 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు తీరినా, కోర్టు ద్వారా తప్ప బలవంతంగా సామాను బయట వేయడానికి, కరెంటు తీసేయడానికి వీల్లేదు. అలా చేస్తే ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగండి. కిరాయి ఆపకండి, ఈ నెల నుంచి ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కట్టండి. మీరిచ్చిన అడ్వాన్స్ ఉంటే అది చేతికొచ్చాకే తాళంచెవి ఇవ్వండి. కొత్త బిల్డింగులో షాపు మీకే ఇవ్వాలన్న హక్కు చట్టంలో లేదు, అది చెప్పకపోతే మిమ్మల్ని మభ్యపెట్టినట్టే. కానీ పెండ్లిళ్ల సీజన్ అయ్యేదాకా గడువు, మారడానికి ఖర్చు అడగండి. పన్నెండేళ్లు ఆ వీధికి బట్టలు కుట్టిన మనిషి కోసం వీధివాళ్లు వచ్చి ఓనరుతో మాట్లాడతారు, పిలవండి.

ప్రశ్న: కొత్త అపార్ట్‌మెంటులోకి వచ్చాం. ఊరివాళ్లు వినాయక చవితి చందా అడిగారు. మావాళ్లలో కొందరు, సౌండు మీద పోలీసులకు చెప్దామంటున్నారు.
- అసోసియేషన్ కార్యదర్శి, బాలాపూర్

జవాబు: చందా ఇవ్వాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. అయినా ఇవ్వండి, అపార్ట్‌మెంటు తరఫున, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం 1994లో రూ.450తో మొదలై 2025లో రూ.35 లక్షలకు చేరింది. ఆ డబ్బుతో ఊరి పనులు చేసుకున్నారు. మీరు నడిచే వీధిలో, మీ పిల్లలు ఆడే చోట వాళ్ల చేయి ఉంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు పెట్టకూడదన్నది నియమం, పండుగలకు ఏడాదిలో కొన్ని రోజులు అర్ధరాత్రి వరకు ప్రభుత్వం సడలించవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు, పరీక్షల పిల్లలు ఉంటే మండపం దగ్గరికి వెళ్లి చెప్పండి. ఫోను తీసి పోలీసులకు కొట్టడం చివరి మాటగా ఉండనివ్వండి.

ప్రశ్న: స్టిల్ట్ పార్కింగ్‌కు విడిగా డబ్బు అడుగుతున్నారు.
- ఒక పాఠకుడు, మీర్‌పేట

జవాబు: స్టిల్ట్‌ను ఫ్లాటు నుంచి వేరుచేసి అమ్మే హక్కు బిల్డరుకు లేదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ సేల్ అగ్రిమెంటులో ఆ మొత్తాన్ని ఏ పేరుతో రాశారో చూసి, ఆ పేజీ నకలు పంపండి.