మాట నడచు బాట – దాని కొలత

నేటి 4జీ వోల్టీ పద్ధతిలో మనము పలికిన మాట చిన్న చిన్న ప్యాకెట్లుగా విడివడి, టవరు నుండి కేంద్రమునకు ఐ.పి. మార్గమున పయనించును. ఆ మార్గపు బాగోగులు ఫిర్యాదు రాకముందే తెలియుటెట్లు? ఇంజనీర్లు పరీక్షా ప్యాకెట్లను తామే పంపి చూతురు. 2008లో వెలువడిన ట్వాంప్ ప్రమాణము ఇట్టిదే. ప్రతి ప్యాకెట్టుపై వరుస సంఖ్యయు, బయలుదేరిన కాలమును ఉండును. ఆవలి యంత్రము తనకందిన కాలమును, మరలించిన కాలమును చేర్చి తిరిగి పంపును.

రాకపోకలకు 48 మిల్లీసెకన్లు పట్టి, ఆవలి యంత్రమున 8 గడచిన, మార్గమున పట్టినది 40. దానిని సగము చేసి ఒకవైపు ఆలస్యము 20 అనుట పొరపాటు. పోవుదారి, వచ్చుదారి సమానము కాకపోవచ్చును. ఒకవైపు కొలతకు ఇరువైపుల గడియారములు ఏకీభవింపవలెను. తిరిగిరాని సంఖ్యలు నష్టమును, ఆలస్యములోని హెచ్చుతగ్గులు జిట్టరును తెలుపును.

విద్యార్థులారా! అంబులెన్సును పిలుచువాని మాట తెగిపోకుండుటకు ఈ కొలత తోడ్పడును. కొలత తప్పిన, లోపమున్న దారియు మంచిదిగనే తోచును.