గ్రూపును చదవడం ఎలా? – మహిళల ఆసియా కప్‌లో భారత జట్టు, ముగ్గురు ప్రత్యర్థులు

2026 మహిళల ఆసియా కప్ ఫుట్‌బాల్ పోటీల వేదిక ఆస్ట్రేలియా, తేదీలు 2026 మార్చి 1 నుండి 21 వరకు. పన్నెండు దేశాలు పాల్గొనే ఈ పోటీలలో భారత జట్టు ‘సి’ గ్రూపులో ఉన్నది. జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ మిగిలిన మూడు జట్లు. మిట్టేమరి పరిసరాలలో కబడ్డీ, ఖోఖో తెలిసినంతగా ఫుట్‌బాల్ తెలియదు. గెలుపోటములను మాత్రమే చూచి ఊరకుండక, పోటీకి ముందే ఒక గ్రూపును ఎలా అధ్యయనం చేయవచ్చునో నేర్చుకొనుటకు ఈ పాఠం.

1. మొదట నియమాలు

నాలుగు జట్ల గ్రూపులో ప్రతి జట్టు తక్కిన మూడింటితో ఒక్కొక్కసారి ఆడుతుంది. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1, ఓటమికి సున్న. మూడు గ్రూపులలోను మొదటి రెండు స్థానాల జట్లు, అంటే ఆరు, క్వార్టర్ ఫైనల్‌కు వెళతాయి. మిగిలిన రెండు చోట్లు మూడవ స్థానంలో నిలిచిన మూడు జట్లలో మెరుగైన రెండింటికి దక్కుతాయి. అనగా పన్నెండింటిలో ఎనిమిది ముందుకు సాగుతాయి.

ఈ ఎనిమిదిలో ఉండుట ఎందుకు ముఖ్యం? ఈ పోటీలే 2027లో బ్రెజిల్‌లో జరిగే ప్రపంచ కప్‌కు ఆసియా అర్హత పోటీలు కూడా. సెమీ ఫైనల్ చేరిన నాలుగు జట్లు నేరుగా అర్హత పొందుతాయి. క్వార్టర్ ఫైనల్‌లో ఓడిన నాలుగింటికి మరొక మ్యాచ్ ఉంటుంది. అందులో గెలిచిన రెండు ప్రపంచ కప్‌కు, ఓడిన రెండు ఖండాంతర ప్లేఆఫ్‌కు వెళతాయి. కాబట్టి క్వార్టర్ ఫైనల్ చేరిన జట్టుకు ప్రపంచ కప్ తలుపు మూసుకొనదు. భారత మహిళల సీనియర్ జట్టు ఇంతవరకు ఆ తలుపు దాటలేదు.

2. మన జట్టు ఎలా వచ్చింది?

2022లో ఆతిథ్య దేశమైనందున భారత్‌కు చోటు నేరుగా లభించింది. ఈసారి ఆడి గెలుచుకొన్నది. 2025 జూన్, జూలై నెలలలో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయిలో జరిగిన అర్హత పోటీలలో మంగోలియాపై 13–0, తిమోర్ లెస్తెపై 4–0, ఇరాక్‌పై 5–0 తేడాతో నెగ్గింది. చివరి మ్యాచ్‌లో ఆతిథ్య థాయిలాండ్‌పై 2–1తో గెలిచింది. ఆ రెండు గోల్స్‌ను సంగీతా బాస్ఫోర్ సాధించింది. థాయిలాండ్ రెండుసార్లు ప్రపంచ కప్ ఆడిన జట్టు, ర్యాంకింగులలో మనకంటే ఎంతో పైనున్న జట్టు. ఆ పోటీలకు ముందు మన జట్టు సాధన చేసినది బెంగళూరులోనే. బాగేపల్లి మీదుగా పోయే 44వ జాతీయ రహదారి చేరే నగరం అది.

తెలుగువారు గుర్తుంచుకోవలసిన పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో పుట్టి, దేశం తరఫున ముందు వరుసలో ఆడిన ఈ క్రీడాకారిణిని 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏటి ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపిక చేసింది.

3. ముగ్గురు ప్రత్యర్థులు

వియత్నాం (మార్చి 4, పెర్త్): 2023లో తొలిసారి ప్రపంచ కప్ ఆడింది. ఆగ్నేయాసియా క్రీడలలో 2017 నుండి 2023 వరకు వరుసగా నాలుగు స్వర్ణాలు గెలిచింది. ఒకే శిక్షకుడు మై డక్ చుంగ్ వద్ద చాలాకాలంగా కుదురుకొన్న జట్టు. 2023 అక్టోబరులో ఒలింపిక్ అర్హత పోటీలలో మనపై 3–1తో గెలిచింది.

జపాన్ (మార్చి 7, పెర్త్): 2011 ప్రపంచ విజేత, 2014, 2018 ఆసియా విజేత. 2023 ప్రపంచ కప్ గ్రూపు దశలో స్పెయిన్‌ను 4–0తో ఓడించింది. ఆ స్పెయిన్ జట్టే చివరకు ప్రపంచ విజేత అయింది. బలమైన జట్టుకు కూడ ఒక ఓటమి తుది తీర్పు కాదని దీనివలన గ్రహించవలెను. 2023 అక్టోబరులో జపాన్ మనపై 7–0తో గెలిచింది.

చైనీస్ తైపీ (మార్చి 10, సిడ్నీ): 1970వ దశకం చివర, 1980వ దశకం మొదట ఆసియాలో తిరుగులేని జట్టు, మూడుసార్లు ఈ కప్ గెలిచింది. 1979 పోటీలు కేరళలోని కోళిక్కోడ్‌లో జరిగినప్పుడు భారత్ నుండి రెండు జట్లు ఆడగా, దక్షిణ జట్టు ఫైనల్ చేరి తైపీ చేతిలోనే 0–2తో ఓడింది. 2022 జనవరిలో నవీ ముంబయిలో ఇదే తైపీతో ఆడవలసిన రోజున కోవిడ్ సోకి సరిపడినంతమంది క్రీడాకారిణులు లేక భారత్ పోటీల నుండే తప్పుకొన్నది. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడలలో తైపీ 2–1తో గెలిచింది.

4. అంకెలు ఏమి చెబుతున్నవి?

2023 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో భారత్ ఈ మూడు జట్లతోను ఆడి మూడింటిలోను ఓడింది: 1–2, 1–3, 0–7. మూడూ ఓటములే అయినను మూడూ ఒకటి కావు. తైపీతో ఒక గోల్, వియత్నాంతో రెండు గోల్స్ తేడా. అది రెండేండ్ల సాధనతో పూడ్చదగిన దూరం. జపాన్‌తో ఏడు గోల్స్ తేడా వేరొక సంగతి. కాబట్టి మనకు పాయింట్లు రాగల మ్యాచ్‌లు మొదటిది, చివరిది.

అట్లయిన రెండవ మ్యాచ్‌ను వదలుకోవచ్చునా? కూడదు. ఈ పాఠంలో ముఖ్యాంశం ఇదే. మూడవ స్థానపు జట్లను పోల్చునప్పుడు మొదట పాయింట్లు, అవి సమానమైతే సాధించిన గోల్స్‌కు, ఇచ్చిన గోల్స్‌కు మధ్య తేడా చూస్తారు. ఒక ఉదాహరణ: ‘అ’ జట్టు ఒక మ్యాచ్ 1–0తో గెలిచి, రెండింటిలో 0–2తో ఓడింది, తేడా మైనస్ 3. ‘ఆ’ జట్టు కూడ ఒకటి 1–0తో గెలిచి, 0–1తోను, 0–7తోను ఓడింది. తేడా మైనస్ 7. రెండింటికీ 3 పాయింట్లే. కాని ‘అ’ ముందుంటుంది. జపాన్‌తో ఆట చేజారిన తరువాత కూడ డెబ్బయ్యవ నిమిషంలో ఒక డిఫెండర్ అడ్డుకొన్న బంతి, గోల్‌కీపర్ పట్టిన బంతి, మూడు రోజుల తరువాత సిడ్నీలో లెక్కకు రావచ్చును.

ఒకే గ్రూపులో పాయింట్లు సమానమైతే ఆసియా పోటీల నియమం వేరు. అక్కడ మొదట చూసేది సమానంగా ఉన్న జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌ల ఫలితాలనే. ఈ రెండు నియమాలను కలగాపులగం చేయరాదు.

5. చూచునప్పుడు గమనించవలసినవి

పెర్త్ సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు. మార్చిలో సిడ్నీ ఐదున్నర గంటలు ముందు. కనుక అర్ధరాత్రి మేల్కొనే పని లేదు. బడిపిల్లలతో కలిసి చూడవచ్చును. గోల్స్ మాత్రమే కాక ఈ మూడు విషయాలను వ్రాసుకొనండి: బంతి పోయిన తరువాత మన జట్టు ఎంత త్వరగా తన స్థానాలకు తిరిగి వస్తున్నది, కార్నర్ కిక్‌లలో ప్రత్యర్థిని ఎవరు కాస్తున్నారు, చివరి ఇరవై నిమిషాలలో పరుగు తగ్గుతున్నదా.

అభ్యాసం

అ) జపాన్ మూడు మ్యాచ్‌లూ గెలిచిందనుకొనండి. భారత్ వియత్నాంపై, వియత్నాం తైపీపై, తైపీ భారత్‌పై గెలిచినవి. పట్టిక వ్రాయండి. రెండవ స్థానాన్ని నిర్ణయించునప్పుడు జపాన్‌తో ఆడిన మ్యాచ్‌ల గోల్స్‌ను మొదటనే లెక్కలోనికి తీసుకొంటారా?

ఆ) భారత్ మొదటి మ్యాచ్‌ను డ్రా చేసుకొని, రెండవదానిలో ఓడినచో, మూడవ మ్యాచ్‌లో గెలిస్తే ఎన్ని పాయింట్లు?

ఇ) మీ బడి మైదానంలో సాయంత్రపు వేళ ఆడపిల్లలు ఎంతమంది ఆడుతున్నారు? ఒక వారం లెక్కించండి. తక్కువైతే కారణం వారినే అడిగి వ్రాయండి: వెలుతురా, దుస్తులు మార్చుకొనే గదియా, ఇంటి పనియా, మైదానాన్ని మగపిల్లలే ఆక్రమించుటయా? ఆ జాబితాను మీ పంచాయతి సభ్యునికి ఇవ్వండి. సౌమ్య ఆట మొదలైనది కూడ ఒక మైదానంలోనే.