ఆమ్తా రైలు నేర్పిన లెక్క

కోల్‌కతాకు బదిలీ అయి వచ్చాక ఆదివారాలు ఊరు చూడడం మా ఇంట్లో అలవాటైంది. విక్టోరియా మెమోరియల్, దక్షిణేశ్వరం అయిపోయాయి. పోయిన నెల హౌరాలో ఆమ్తా లోకల్ ఎక్కాం. "అక్కడ చూసేదేముంది నాన్నా?" అంది మా అమ్మాయి. "ఈ రైలునే చూద్దాం" అన్నాను.

ఆమ్తా దామోదర్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఇక్కడికి మొదట వచ్చింది ఈ రైలు కాదు. 1897లో మార్టిన్ కంపెనీ హౌరా నుంచి ఈ వైపు బుల్లి రైలు మార్గం మొదలుపెట్టింది. పట్టాల మధ్య దూరం 610 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులే! ఇప్పటి బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. ఆ కంపెనీ భాగస్వాముల్లో ఆక్విన్ మార్టిన్‌తో పాటు రాజేంద్రనాథ్ ముఖర్జీ ఒకరు. మేము చూసొచ్చిన విక్టోరియా మెమోరియల్‌ను కట్టిందీ ఆ కంపెనీయే.

అప్పట్లో చాలాచోట్ల పట్టాలను రోడ్డు పక్కనే వేశారు. దాంతో ఖర్చు తగ్గింది. ఊళ్లవాళ్లకు గుమ్మం ముందే రైలు దొరికింది. కూరగాయలు, చేపలు, కచేరీ పనులున్నవాళ్లు అందరూ హౌరాకు అందులోనే. కానీ రోడ్లు బాగుపడ్డాక అదే రోడ్డు మీద బస్సులు, లారీలు వచ్చాయి. బుల్లి రైలు వాటితో పోటీపడలేకపోయింది. నష్టాలు పెరిగి 1971 జనవరి 1న ఆగిపోయింది.

మా పక్కన కూర్చున్న పెద్దాయన దాన్ని ఇంకా "మార్టిన్ రైలు" అనే అంటున్నారు. చిన్నప్పుడు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ఎక్కారట. ఆ తర్వాత ప్రభుత్వం బ్రాడ్‌గేజ్ మార్గం చేపట్టి దశలవారీగా వేసింది. ఆమ్తాకు రైలు చేరేసరికి 2004 వచ్చింది. ముప్ఫై మూడేళ్లు! "ఈలోగా నా ఉద్యోగమంతా బస్సులోనే గడిచిపోయింది బాబూ" అన్నారాయన.

పల్లె రైళ్లకు ఈ చిక్కు మన దగ్గరే కాదు. జపాన్‌లో ఇవాతె తీరాన నడిచే సన్రికు రైల్వేను 1984లో స్థానిక ప్రభుత్వాలు, ప్రైవేటు సంస్థలు కలిసి చేపట్టాయి. 2011 సునామీలో మార్గం చాలాచోట్ల కొట్టుకుపోయింది. అయినా అయిదు రోజులకే, దెబ్బతినని కొంత దూరం టికెట్టు లేకుండా రైలు నడిపారు. 2014కల్లా దాన్నంతా బాగుచేసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో నాకు ఒకప్పుడు పనిచేసిన పల్లె శాఖ గుర్తొచ్చింది. వ్యాపారం తక్కువని, దాన్ని పక్క ఊరి శాఖలో కలిపేద్దామని అనుకున్నారు. నన్ను నివేదిక రాయమన్నారు. డిపాజిట్లు, అప్పులు, ఖర్చులు అన్నీ రాశాను. పింఛను కోసం నెలనెలా వచ్చే అవ్వలు పక్క ఊరికి వెళ్లాలంటే ఆటోకు ఎంతవుతుందో మాత్రం రాయలేదు. ఆ గడి మా ఫారంలో లేదు మరి. శాఖ కలిసిపోయింది.

"అవ్వలు తర్వాత ఎలా వెళ్లారు నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. నేనెప్పుడూ కనుక్కోలేదు. ఈసారి సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు ముందు ఆ ఊరికే వెళ్తామని దానికి మాటిచ్చాను.