బ్యాటరీ విప్పొద్దు, ఉన్నచోటే చార్జ్ చేయండి

రోజూ రోడ్డెక్కే కారుకు బ్యాటరీ దిగిపోయే బెడద ఉండదు. వారాల తరబడి షెడ్డులో ఉండే స్పోర్ట్స్ కారుకే వస్తుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బ్యాటరీ గురించే ఉన్నాయి కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మాది 2010 మోడల్ పోర్షే 911. మేం ఊళ్లో లేక కారు నెలన్నరపాటు కదల్లేదు. ఇప్పుడు రిమోట్ పనిచేయడం లేదు. తాళంచెవితో డోరు తీశాను గానీ, బ్యాటరీ ఉన్న ముందు డిక్కీ తెరుచుకోవడం లేదు. బంపరు విప్పి బ్యాటరీ బయటికి తీయాలని, షాపులో చార్జింగ్ పెట్టించాలని మెకానిక్ అంటున్నాడు. వేరే దారి లేదా?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉంది. బంపరు మీద చెయ్యి వేయనివ్వకండి. మీ కారుకు ఇంజిన్ వెనక, బ్యాటరీ ముందు. ముందు డిక్కీ గొళ్లెం కరెంటుతో పనిచేస్తుంది కాబట్టి బ్యాటరీ పూర్తిగా దిగిపోతే అది తెరుచుకోదు. ఈ ఇబ్బంది కంపెనీకి తెలుసు, అందుకే దారి కూడా వాళ్లే పెట్టారు. ముందు సీటు దగ్గర, కాళ్లు పెట్టుకునే చోట డోరు పక్కన ఫ్యూజ్ బాక్స్ ఉంటుంది. దాని మూత తీస్తే ఎర్రటి ప్లస్ టెర్మినల్ కనిపిస్తుంది. దాన్ని బయటికి లాగి, మరో 12 వోల్టుల కారు బ్యాటరీ ప్లస్‌ను జంపర్ కేబుల్‌తో దానికి కలపండి. మైనస్ కేబుల్‌ను డోరు గొళ్లెం పట్టుకునే ఇనుప కొక్కేనికి తగిలించండి. అలారం మోగితే కంగారుపడొద్దు, డోరు తాళంలో చెవి తిప్పితే ఆగుతుంది. ఇప్పుడు రిమోట్‌లో డిక్కీ బటన్ నొక్కి పట్టుకుంటే మూత లేస్తుంది. లేవగానే కేబుళ్లు తీసేయండి. ఆ టెర్మినల్ ఉన్నది మూత తెరవడానికి మాత్రమే. దాని గుండా చార్జింగ్ పెట్టకూడదు, ఇంజిన్ స్టార్ట్ చేయడానికీ అది పనికిరాదు. ఎవరైనా లారీకి వాడే 24 వోల్టుల బ్యాటరీ తెస్తామంటే దండం పెట్టి పంపించేయండి. కారులో ఉన్న కంప్యూటర్లు ఒక్క క్షణంలో పోవచ్చు.

డిక్కీ తెరిచాక అద్దం వైపు ప్లాస్టిక్ మూత కింద బ్యాటరీ కనిపిస్తుంది. వైర్లు అలాగే ఉండనివ్వండి. చార్జర్ స్విచ్ ఆపి ఉన్నప్పుడే ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్ల క్లిప్పు బ్యాటరీకి కాస్త దూరంగా రంగు లేని బాడీ ఇనుముకు పెట్టండి. ఆ తర్వాతే స్విచ్ వేయండి. తీసేటప్పుడు ముందు స్విచ్, తర్వాత నల్లది, చివరికి ఎర్రది. ఈ వరుస చాదస్తం కాదు. చార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి. క్లిప్పు పెట్టేటప్పుడు పుట్టే రవ్వ బ్యాటరీకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

చార్జర్ ఎంపిక గురించి కూడా అడిగారు. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఆంపియర్లు చాలు. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 7 ఆంపియర్లు మించొద్దు. సాయంత్రం పెడితే మర్నాటికి నిండుతుంది. షాపులో గంటన్నరలో ఎక్కించేస్తామని చెప్పే ఫాస్ట్ చార్జింగ్ వల్ల లోపలి ప్లేట్లు వేడెక్కి దెబ్బతింటాయి. బ్యాటరీ లేబుల్ మీద ఏజీఎం (ఒక రకం సీసం బ్యాటరీ) అని ఉంటే, చార్జర్‌లోనూ అదే మోడ్ పెట్టండి. దానికి 14.8 వోల్టులు దాటనివ్వకూడదు.

నెలన్నరకే ఎందుకు దిగిపోయిందని మీకు అనుమానం రావచ్చు. తాళం వేసిన కారు కూడా అలారానికి, రిమోట్ సంకేతం కోసం కాచుకునే రిసీవర్‌కు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. అది 50 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకు 1.2, నలభై ఐదు రోజులకు 54 ఆంపియర్ అవర్లు. దానికి మన ఎండలు తోడు. వేడి సుమారు పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను దిగిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుంది.

ఇంకో మాట. మీ కారు డోరు అద్దానికి చుట్టూ ఫ్రేము ఉండదు. హ్యాండిల్ లాగగానే అద్దం కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగి, డోరు వేశాక పైకెక్కి రబ్బరులో కూర్చుంటుంది. బ్యాటరీ లేనప్పుడు అది దిగదు. అలాంటప్పుడు డోరు గట్టిగా వేస్తే అద్దం అంచు పైపట్టీకి కొట్టుకుంటుంది. చార్జింగ్ అయ్యేదాకా డోరు దగ్గరగా వేసి వదిలేయండి, నొక్కకండి.

ప్రశ్న: మిషిగన్‌లో ఉంటున్నాను. నా దగ్గర తొంభైల నాటి మజ్దా ఎంఎక్స్-5 ఉంది. చలికాలమంతా గరాజ్‌లోనే ఉంటుంది. బ్యాటరీ డిక్కీలో ఉంది కదా, అక్కడే చార్జర్ పెట్టి వదిలేస్తే గ్యాస్ నిండి ప్రమాదం కాదా?
– పాఠకురాలు, అమెరికా

జవాబు: మీ భయంలో అర్థముంది. బరువు నాలుగు చక్రాల మీద సరిగా పంచడానికి ఆ మోడల్‌లో బ్యాటరీని డిక్కీలో కుడివైపు పెట్టారు. అందుకే గ్యాస్ బయటికి పోయే సన్నటి గొట్టం కూడా ఇచ్చారు. చార్జర్ పెట్టేముందు ఆ గొట్టం బ్యాటరీకి తగిలించి ఉందో లేదో చూడండి. పాత బ్యాటరీ మార్చినప్పుడు చాలామంది దాన్ని గాలికొదిలేస్తారు. గొట్టానికి చోటే లేని మామూలు బ్యాటరీ వేసి ఉంటే, ముందు దాన్ని మార్చి సరైనది వేయించండి. చార్జింగ్ జరిగినంతసేపూ డిక్కీ మూత తెరిచే ఉంచండి.

మీరుండే చోట చలి సంగతి కూడా చూసుకోవాలి. నిండుగా ఉన్న బ్యాటరీ మైనస్ 50 డిగ్రీలకూ గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయినది సుమారు మైనస్ 10 దగ్గరే గడ్డకడుతుంది, ఎందుకంటే దానిలో మిగిలేది దాదాపు నీళ్లే. పక్కలు ఉబ్బినా, పైకప్పు పగిలినా దానికి చార్జర్ తగిలించనే కూడదు. ఇక నెలల తరబడి వదిలేయాలంటే మెయింటైనర్ అనే రకం చార్జర్ కావాలి. అది బ్యాటరీ నిండగానే వోల్టేజీని 13.5 దగ్గరకు తగ్గించుకుంటుంది. నిండినా అదే ధారగా కరెంటు పంపే పాత చార్జర్ బ్యాటరీలోని నీటిని మరిగించేస్తుంది.

ప్రశ్న: మా బీఎండబ్ల్యూ జెడ్4లో బ్యాటరీ డిక్కీలో ఉంది. సర్వీసు కుర్రాడేమో బానెట్ కింద క్లిప్పులు పెట్టాడు. సరైనదేనా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: సరైనదే, ఆ కుర్రాడికి పని తెలుసు. బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. లోపలికి ఎంత కరెంటు వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని అది లెక్క రాసుకుంటుంది. నల్ల క్లిప్పును నేరుగా మైనస్‌కు పెడితే ఆ కరెంటు సెన్సర్ గుండా వెళ్లదు. బ్యాటరీ నిండినా కారు మాత్రం ఖాళీ అనే అనుకుంటుంది. బానెట్ కింద ఇచ్చిన ప్లస్, ఎర్త్ బొడిపెలు వాడితే ఆ చిక్కు రాదు.

ప్రశ్న: బరువు తగ్గుతుందని నా ట్రాక్ కారుకు లిథియం బ్యాటరీ పెట్టించాను. పాత చార్జర్ వాడొచ్చా?
– పాఠకుడు, బెంగళూరు

జవాబు: దాని మీద లిథియం మోడ్ ఉంటేనే వాడండి. బరువు మాట నిజమే. 2010లో పోర్షే 911 జీటీ3కి ఇచ్చిన లిథియం బ్యాటరీ 6 కిలోలు కూడా లేదు, మామూలుదానికన్నా 10 కిలోలు తక్కువ. కానీ పాత బ్యాటరీలను బతికించడానికి కొన్ని చార్జర్లు ఎక్కువ వోల్టేజీతో దెబ్బలు కొట్టే పద్ధతి వాడతాయి. సీసం ప్లేట్ల మీద పేరుకున్న సల్ఫేట్‌ను కరిగించడానికి అది. లిథియానికి అది హాని.

ప్రశ్న: డ్రైవరు రోజూ పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేస్తున్నాడు. అది చాలదా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చాలదు. సీసం బ్యాటరీ చివరి అయిదో వంతు నిండడానికే గంటలు పడుతుంది, పది నిమిషాల్లో అది జరిగే పని కాదు. పైగా వేడెక్కకుండానే ఆపేసిన ఇంజిన్‌లో, సైలెన్సర్‌లో తడి నిలిచిపోతుంది. ఆ పది నిమిషాల పెట్రోలు డబ్బుతో మంచి మెయింటైనర్ కొనుక్కోండి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చార్జర్ గురించి కూడా అడిగారు. తాళంచెవి తీసేశాక కూడా ఆ సాకెట్‌లో కరెంటు ఉంటేనే అది పనిచేస్తుంది. ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

చార్జింగ్ అయిన వెంటనే మల్టీమీటర్ పెట్టి మురిసిపోకండి. రాత్రంతా వదిలేసి ఉదయం చూడండి. 12.6 వోల్టులు, ఏజీఎం అయితే 12.8 వరకు ఉంటే బ్యాటరీ బాగున్నట్టే. 12.4 కన్నా కిందికి జారితే బ్యాటరీ చార్జ్ నిలుపుకోలేకపోతోందని అర్థం. ఇక దాన్ని ఎన్నిసార్లు చార్జ్ చేసినా లాభం లేదు, కొత్తది వేయించండి.

ఇకమీదట ఉత్తరం రాసేవారు కారు మోడల్, తయారైన సంవత్సరంతోపాటు బ్యాటరీ లేబుల్ మీద ఉన్న అక్షరాలన్నీ రాయండి. అది ఏ రకమో తెలియకుండా వోల్టేజీ చెప్పడం మీ కారుకు మంచిది కాదు.