కోతచేనిలో తలనొప్పి
(2 రాజులు 4:18–20)

షూనేము చిన్నవాడు కోతకాలమున పొలములోనున్న తండ్రియొద్దకు పోయి, తల నొచ్చుచున్నదని చెప్పెను. తండ్రి వానిని పనివానిచేత ఇంటికి పంపెను. మధ్యాహ్నమునకు వాడు తల్లి ఒడిలోనే ప్రాణము విడిచెను. అది ఎండదెబ్బయని లేఖనము చెప్పలేదు గాని, అనంతపురము మెట్టచేలలో పనిచేయు మనకు అట్లే తోచును. తండ్రిని తప్పుపట్టము, ఆయన ఎరిగినది అంతే.

2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు రెండువేలమందికి పైగా చనిపోయిరి. వారిలో ముసలివారును కూలివారును ఎక్కువ. మునుపటికంటె ఎండలు ముదురుచున్నవి. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకము ప్రారంభమైన తరువాత, నడివేసవిలో మట్టిపనికి అవ్వలు, తాతలు పోవుట మనము చూచితిమి.

వయసు మీరినవారికి దప్పి సరిగా తెలియదు, చెమటయు తక్కువ. రక్తపుపోటు మాత్రలలో కొన్ని ఒంటిలోని నీటిని తగ్గించును. కావున "దప్పియైతే తాగు తాతా" అనుట చాలదు. పడుచువారే ముందు పార దించి, మజ్జిగ ముంత చేతికందించవలెను. కూలి తెగునను భయముచేత వారు నీడకు రారు, అసలు చిక్కు ఇదే. వారి వంతు మట్టి మనము ఎత్తుదము.

మాట తడబడినవారిని ఒంటరిగా ఇంటికి పంపరాదు. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో ఒళ్లంతయు తుడిచి విసరుచు, 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివారి నోట నీళ్లు పోయకూడదు.