చేపలు చావలేదంటే నీరు మంచిదేనా?

ప్రశ్న: కైకలూరు దగ్గర మాకు రోహు, కట్ల చెరువు ఉంది. పక్క పొలాల్లో కొట్టే పురుగుమందు నీళ్లతో కొంచెం కొంచెంగా చెరువులోకి దిగుతోంది. చేపలైతే చావడం లేదు. భయపడాలా?

జవాబు: చావడం లేదని ధీమాగా ఉండకండి. క్లోరిపైరిఫాస్ వంటి మందులు తక్కువ మోతాదులోనైనా నెలల తరబడి తగిలితే చేపల జన్యువులు పనిచేసే తీరు మారవచ్చు. జన్యువు మారకపోయినా, అది ఎంత చురుగ్గా పనిచేయాలన్నది మారుతుంది. కాలేయంలో విషాన్ని విరిచే సైటోక్రోమ్ పి450 జన్యువులు, కణాలను కాపాడే హెచ్‌ఎస్‌పి70 జన్యువు జోరందుకుంటాయి. శక్తి అటు ఖర్చయి ఎదుగుదల, రోగనిరోధకత కుంటుపడవచ్చు. ఈస్ట్రోజన్‌లా ప్రవర్తించే కొన్ని మందుల వల్ల మగ చేపల్లోనూ గుడ్డు సొనకు మూలమైన విటెల్లోజెనిన్ తయారవుతుంది, సంతానోత్పత్తి దెబ్బతింటుంది.

పొలం మురుగునీరు చెరువులోకి రాకుండా గట్టు పటిష్ఠం చేయండి. పక్క రైతుతో మాట్లాడి, మందు కొట్టే రోజుల్లో తూము మూసి ఉంచండి.